రేటు పేజీ, కాశీబుగ్గ

తెల్లారి ఆరింటికే దండాసి గారి ఫోను.
"ఏటమ్మా, రేటు డాలర్లలో పెట్టీసినావు?
బస్తా ఎంతో కనపడ్డం లేదు గానీ
పేజీ నిండా డాలరు గుర్తులే."

రాత్రి సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చింది నేనే.
పన్నెండున్నరకి అన్నీ పచ్చగా వెలిగితే పడుకున్నాను.
పొద్దున్నకి
స్క్రిప్టు పని మానేసి
తనని తానే చదివి వినిపిస్తోంది బజారంతటికీ.
పప్పు పంపమంటే
పిక్కని పిక్కలాగే తెచ్చి పోసింది గుమ్మంలో.

పిక్క తొక్కలో రసం ఉంటుంది.
మా పెద్దమ్మ పదిహేనేళ్ళు కటింగు బల్ల దగ్గర కూర్చుంది,
ఆవిడ బొటనవేలికి ఫోను తెరుచుకోదు ఇప్పటికీ.
ఇక్కడా అంతే, ఆరో వరసలో
డేటాబేసు పాస్‌వర్డు బట్టల్లేకుండా నిలబడి ఉంది:
పలాస, మూడొందల ఇరవై.
ముందు దాన్ని మార్చాను. తర్వాతే పళ్ళు తోముకున్నాను.

పాత రాత. ప్రతి ఫైలూ ఒక బాణం మొన, ఒక ప్రశ్నార్థకం,
అంతే, పేరు చెప్పకుండా మొదలైపోతుంది.
పాత సర్వరు గొంతు విని గుర్తుపట్టేది.
కొత్తది బదిలీ మీద వచ్చిన గుమస్తా;
ఇంటిపేరు చెప్పందే ఫైలు ముట్టుకోదు.

నలభై మూడు ఫైళ్ళు.
ఒక్కోదానికీ ఇంటిపేరు రాసుకుంటూ పోయాను.
మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది.
దండాసి గారు మళ్ళీ చేశారు, మళ్ళీ.

పదకొండో ఫైల్లో ఢిల్లేశ్వర్రావు దొరికాడు:
"ఈ వరస తియ్యొద్దు. తీస్తే సోమవారం రేటు రాదు.
ఎందుకో నాకూ తెలీదు."
తేదీ చూస్తే, తిత్లీకి తోటలు పడిపోయిన ఏడాది.

ఆయనిప్పుడు హరిపురంలో ట్రాక్టరు సామాన్లు అమ్ముతున్నాడు.
"నానా? అలాగ రాసీసినానా?"
కాసేపు నవ్వి,
"ఉంచీయండి మేడం,
దానికేటి తిండి పెట్టాలా?"

ఉంచేశాను.
దాని కింద ఇంకో వరస చేర్చాను:
"నాకూ తెలీదు. నీలవేణి."

తొమ్మిదీ నలభైకి గుర్తులు పోయి అంకె వచ్చింది.
ఎవరూ ఫోను చెయ్యలేదు.
రేటు కనపడితే ఎవరూ చెయ్యరు.

ఈవేళ గురువారం.