మడత గీత

సెప్టెంబరు రాగానే ఎదురు షాపువాళ్ళు
బొమ్మల చేతులు ఊడదీస్తారు, కొత్త కోట్లు తొడగడానికి.
పోయినేడు ఆలివ్ పచ్చ.
ఈ ఏడు కాఫీ రంగట.
అంతకు ముందేడు ఏమిటో
వేసుకున్నవాళ్ళే మరిచిపోయారు.

ఆకులు రాలితే కాదు నాకు ఋతువు తెలిసేది,
అమ్మాయిలు తెచ్చే పనిని బట్టి.
నడుము పైకి జరిగితే చలికాలం,
కిందికి జారితే వేసవి.
భుజాల్లో దూది పెట్టమని అడిగితే
ఎక్కడో ఎవరో
పాత ఫొటో ఒకటి దులిపారన్నమాట.

రియేకా రేవు పక్కన, కోర్జో వీధి వెనక
ఏడు మెట్లు దిగితే నా కొట్టు.
కలరా ఉండల వాసన, ఇనుప కుట్టుమిషను,
దాని ముందు నేను, నెవెంకాని.
కొత్తొక వింత అన్న మాట తిరగబడి చాలా కాలమైంది.
ఇప్పుడు పాతే వింత.
ధర ఇంకా వింత.

నిన్న తిహానా వచ్చింది.
బురా గాలికి తలుపు దానంతటదే దభాలున మూసుకుంది.
సంచిలోంచి తీసి బల్లమీద పరిచింది:
కార్డురాయ్ బెల్ బాటమ్, తుప్పు రంగు.
"కిలోల లెక్కన కొన్నాను నెవెంకా గారూ,
అసలు సిసలు డెబ్బైలది!"
అసలు సిసలు డెబ్బైల మనిషిని ఎదురుగానే ఉన్నాను,
నన్నింతవరకు ఎవరూ తూకానికి అడగలేదు.

డెబ్బై నాలుగులో నేనూ మా యాగోదా
తెల్లారగట్ల బస్సెక్కి ట్రియెస్టె వెళ్ళాం.
కాలవ పక్క అంగట్లో గొంతు పోయేదాకా బేరమాడి
మూడేసి జీన్సులు ఒకదానిమీద ఒకటి తొడిగి
పైన అమ్మ గౌన్లు దించుకుని
జూన్ ఎండలో సరిహద్దు దాటాం.
కస్టమ్స్ అతను మా కాళ్ళకేసి చూశాడు.
"పొద్దున సన్నగా వెళ్ళారే,
ఇటలీ తిండి బాగా ఒంటబట్టినట్టుంది" అన్నాడు.
ముద్ర వేశాడు.
చెమటకి రంగు దిగి
వారం దాకా మా కాళ్ళు నీలమే.

"ఎంత స్టైలుగా ఉండేవారో!" అంటుంది తిహానా.
ఉండేవాళ్ళం. నేనెందుకు కాదనాలి?
సగం నెల జీతం కాళ్ళకి తొడుక్కుని
శనివారం సాయంత్రం కోర్జోలో నడుస్తుంటే
ఓడల కూతలు కూడా మాకోసమే అనుకునేవాళ్ళం.

అంచు తిరగేసి చూశాను.
నాలుగు వేళ్ళ పైన ఒక గీత.
గీతకి పైన వెలిసిన రంగు, కింద కొత్తలాంటి రంగు.
ఎవరో తల్లి, ఎదిగే పిల్లకోసం
మడత విప్పి పొడుగు చేసిన చోటు.

ఆ గీత నాకు తెలుసు.
మా ఇంట్లో దాని పేరు సిగ్గు.
దాన్ని దాచడానికి అమ్మ లేసు కుట్టింది, రిబ్బను కుట్టింది,
ఒకసారి సిరాబుడ్డిలో పుల్ల ముంచి
గీత వెంబడి రాసింది.
బడి దారిలో వాన పడింది.
అంతకంటే చెప్పను.

"దీన్ని మాయం చేసేస్తాలేమ్మా" అన్నాను.
"అయ్యో, వద్దు! ఆ గీత ఉండాలి.
ఈ సీజనంతా అదే.
కొత్తవాటికి కావాలని గీస్తున్నారు!"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను
మరకేం లేకపోయినా.
కోపం వచ్చింది, ఎవరి మీదో తేలలేదు.
అమ్మ ఉంటే సిరాబుడ్డి ఎటు విసిరేదో తలుచుకున్నాక
పగలబడి నవ్వొచ్చింది.
పిల్ల కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

నడుము బిగించాను.
గీతని ముట్టుకోలేదు.
పొట్టి పిల్ల, అంచు రెండు వేళ్ళు తగ్గించి
మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యమంది.
కత్తెర తీశాను. మళ్ళీ పెట్టేశాను.
లోపలికి మడిచి
గోటితో లాగితే ఊడొచ్చేలా వదులు కుట్టు వేశాను.
ఇరవయ్యారేళ్ళ పిల్ల
ఇక పొడుగెదగదని తెలుసు.
రసీదులో రాయలేదు.