రెండు సెకన్ల నిశ్శబ్దం

తాడిపత్రిలో ధర అంటే అడుగుకింత.
నూట నలభై తొమ్మిది డాలర్లను కొట్టేసి
పక్కన ఎర్రగా ఇరవై తొమ్మిదని కనపడగానే
నేను ముందు చేసిన పని
దాన్ని బండల్లోకి మార్చుకోవడం.
పాలిష్ నల్లబండ, మొదటి రకం,
నా జీతంలోంచి దగ్గర దగ్గర అరవై అడుగులు.

ఇంకా మూడు గంటల పదకొండు నిమిషాలేనని
తెరమీద గడియారం వెనక్కి నడుస్తోంది.
నా కార్డు రెండుసార్లు చెల్లలేదు.
మూడోసారి మా బావ కార్డు.
ఆరంకెలూ ఆయన ఫోనుకు పోయినాయి.
నిద్ర లేపితే, "మళ్లీ ఏం కొంటివిరా?" అన్నాడు.
"ప్రతిధ్వని."
"అది కొనేదేంది?
బాయిలోకి తొంగి అరిస్తే ఊరికే వస్తాది గదా"
అని, అంకెలు చెప్పి, అటు తిరిగి పడుకున్నాడు.

అప్పటికి నా దగ్గర ప్లగిన్లు నలభై మూడు.
ముప్పై ఉచితం.
పది, పద్నాలుగు రోజుల గడువువి.
మూడు పెన్‌డ్రైవులో వచ్చినవి, ఎక్కడివని అడగొద్దు,
వాటి వెంట వచ్చిన వైరస్
రెండు నెలల జీఎస్టీ ఫైళ్లు మేసి పోయింది.
పాటలా? రెండు.
రెండూ సగం.

స్టూడియో అంటే ఫ్యాక్టరీ వెనక లెక్కల గది.
గోడలకు నాలుగు బొంతలు,
కిటికీకి ఎరువుల సంచిలో కుక్కిన పాతగుడ్డలు.
అయినా మైకుకు కోతమిషను వినపడుతుంది,
రాత్రి పదకొండు దాకా.
ఆపైన లారీలు.

పొద్దు గూకినాక హుస్సేనమ్మ షిఫ్టు దిగి వచ్చింది,
రెప్పలమీద కూడా బూడిదరంగు పొడితో.
పీర్ల పండక్కి ఆమె గొంతెత్తితే
గుండం చుట్టూ ఒక్క కాలు తప్పు పడదు.
కుర్చీ వేస్తే వద్దని నేలమీద కూచుంది.
"ఆ నల్లకాయ నన్ను కరవదు గదా అబ్బీ?"
"కరవదు. ముందు రెండు సెకన్లు గమ్మునుండు."

ఆ రెండు సెకన్లు నాకు కావాలి.
గడువు ప్లగిన్లలో ఒకదానికి 'లెర్న్' అని బటన్ ఉంది.
ఉత్త గదిని వినిపిస్తే
ఏది చప్పుడో అది నేర్చుకుంటుంది,
పాట పొడుగునా దాన్ని ఏరేస్తుంది,
శనక్కాయల్లో మట్టిపెళ్లలు ఏరినట్టు.

ఏరింది.
మిషను పోయింది. ఫ్యాను పోయింది. దోమ పోయింది.
పక్క షెడ్డులో కన్నడం మాట్లాడే రేడియో పోయింది.
అంత శుభ్రమైన పాట నేనెప్పుడూ వినలేదు.
దానికి కొత్త ప్రతిధ్వని తొడుగుదామని జాబితా తెరిచాను.
వియన్నా హాలు, ఇనప ప్లేటు, రాతి చర్చి.
రాతి చర్చి దగ్గర ఆగాను.
ఎవరి రాయో.
ఓడలెక్కి పోయే బండలకు బిల్లులు రాసేది నేనే గదా.
మనం అమ్మిన రాతికి తగిలి తిరిగొచ్చే చప్పుడుకే
ఇరవై తొమ్మిది డాలర్లేమో.

మర్నాడు టీ వేళ హెడ్‌ఫోన్లు పెడితే
హుస్సేనమ్మ చానాసేపు విన్నది.
గ్లాసులో టీ మీగడ కట్టింది.
"బాగుండాది. ఎవురు పాడింది?"
"నువ్వే."
"నేనెట్లయితా?
ఈమె యాడా ఊపిరి తీసుకోల్యా."

సాయంత్రం ఆ రెండు సెకన్లు మాత్రం తెరిచాను.
పెంచాను. ఇంకా పెంచాను.
మిషను కింద, ఫ్యాను కింద,
ఆమె గమ్మున కూచున్న చోట,
సన్నగా ఈల.
లోపలికి ఒకటి, బయటికి ఒకటి.
పదకొండేండ్ల రాతిపొడి
రొమ్ములో పేరుకుని ఊదుతున్న ఈల.
ప్లగిన్ దాన్నీ నేర్చుకుంది.
దాని తప్పేముంది.
గదిలో ఉన్నవాటిలో ఏది మనిషిదో
నేను చెప్పలేదు.

బైపాస్ నొక్కాను.
మిషను వచ్చింది, దోమ వచ్చింది,
రెండో చరణానికి ముందు
ఆమె గాలికోసం ఆగింది.
అక్కడే కోత కూడా ఆగింది, బండ మారుస్తున్నట్టున్నారు.
ఆ చోటు నేను ముట్టుకోలేదు.

చప్పుడు తీసే ప్లగిన్‌కు నిన్నటితో గడువు తీరింది.
కొను కొను అని
నిమిషానికోసారి తానే బుసకొడుతోంది.
కట్టేసి, లెక్కల పుస్తకం ముందేసుకున్నాను.
బ్లేళ్లు. డీజిలు. గ్రీసు. టీ. ఆయుధపూజ గుమ్మడికాయలు.
ముక్కుగుడ్డలకు పద్దే లేదు.
పేజీలు వెనక్కి తిప్పుతూ పోయాను.
రాత అంతా నాదే.