ఉత్త దగ్గు

పెరంబూరులో మేడ మీది చిన్న హాలు,
నిన్నటి సీమంతం పూలింకా ఊడ్వలేదు.
గుండ్రంగా వేసిన కుర్చీల్లో పదకొండు మంది.
యాళిని పసుపు చీటీలు పంచింది:
"మీకేం కావాలో రాయండి, తప్పొప్పులు లేవు."

నాకివ్వలేదు.
నేను కోదండపాణి గారి సంచి మోసుకొచ్చిన మనిషిని.
సంచిలో మాత్రలు, ఫ్లాస్కు, ఇంకో పంచె.

బల్ల మీద ఆ వస్తువు
గడియారమంత, మధ్యలో ఎర్ర బటన్.
పడిపోతే నొక్కాలి.
కూతురికీ ఆస్పత్రికీ ఒకేసారి మోగుతుంది.

ఫిజియో డాక్టరు పట్టీ వెడల్పు గురించి మాట్లాడాడు.
కూతురు చార్జింగు గురించి.
కంపెనీ ఆయన నెలకెంతవుతుందో రెండుసార్లు చెప్పాడు.
ట్రంకు ఎక్స్ఛేంజిలో పనిచేసిన స్టెల్లా మేడం
"అటువైపు ఎత్తేది మనిషేనా?" అని అడిగి,
జవాబు వినపడక మళ్లీ అడిగింది.

కోదండపాణి గారు దాన్ని తిప్పి తిప్పి చూసి
గోటితో వెనక మూత ఊడదీశారు.
ముప్ఫై నాలుగేళ్లు రైలు పెట్టెలకి
గొలుసులు బిగించిన చేతులు.

"నేను బిగించింది ఒక్కటీ తెగలేదమ్మా.
లాగినవాళ్లూ తక్కువే.
పక్కనే రాసుంటుంది కదా,
తగిన కారణం లేకుండా లాగితే జరిమానా అని.
రాత్రి మూడింటికి మెలకువొచ్చి
గుండె కాదు, కాలు కాదు, ఊరికే
ఎవరైనా ఉన్నారా అనిపిస్తే
అది తగిన కారణమేనా?"

ఫ్యాను చప్పుడు పెద్దదైంది.
యాళిని పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టింది.
కూతురు ఫోను బోర్లించింది.

అప్పుడు నన్నడిగారు.
మూడింటికి ఆయన పిలవరు, దగ్గుతారు అన్నాను.
నిజం దగ్గుకి చివర్న ఈల ఉంటుంది.
ఉత్త దగ్గుకి ఉండదు.
ఉత్త దగ్గుకే నేను ముందు లేస్తాను.

యాళిని చీటీల కట్ట నా చేతిలో పెట్టింది.
రాయడం రాదన్నాను.
తనే తమిళంలో రాసుకుంది.
"దగ్గు సరే, ఉత్త ఏదీ?" అని
పెద్దాయన రెండుసార్లు దిద్దించారు.

మూడు నెలలకి కొత్తది వచ్చింది.
ఎర్రదాని పక్కన బూడిద రంగుది, చిన్నది, పేరు లేదు.
నొక్కితే నా చాప దగ్గర దీపం వెలుగుతుంది, అంతే.
కంపెనీ పుస్తకంలో దాన్ని
పొరపాటు నొక్కుళ్ల కింద కలుపుతున్నారట.

నిన్న వెలిగింది. వెళ్లాను.
"ఏం కావాలి?"
"ఏం లేదు."
స్టూలు లాక్కుని కూచున్నాను.
మొదటి లోకల్ కూసేదాకా
పాత షాపులో ఫోర్‌మన్‌ని తిట్టారు.

రాత్రి లేచినందుకు జీతం సంగతి
ఏ చీటీలోనూ లేదు.
ఈసారి పిలిస్తే
ఆ మాట చెప్తాను.