మేక, ఎండ, మీటు

బోర్డు మీద రాశాను:
మేక్ ఎండ్స్ మీట్.
ముందు తెలుగు లిపిలోనే,
నోరు తిరగడానికి.

గుంటూరు, బ్రాడీపేట నాలుగో లైను,
జిరాక్సు షాపు మీద గది.
రాత్రి ఎనిమిదింపావు.
ఫ్యాను తిరుగుతోంది గాని
గాలంతా కింద షాపువాడికే పోతున్నట్టుంది.

"మేక తెలుసు, ఎండ తెలుసు, మీటు తెలుసు,"
అన్నాడు మరియదాసు, మిర్చి యార్డులో హమాలీ.
"ఎండబెట్టిన మేకమాంసమా సార్?"
గదంతా నవ్వింది.
నేనూ నవ్వాను.
పన్నెండేళ్ళుగా ఇదే పాఠం చెబుతూ
నాకిది తట్టనందుకు కాస్త సిగ్గేసింది కూడా.

కాదయ్యా, అన్నాను.
ఎండ్ అంటే కొస.
వచ్చే డబ్బు ఒక కొస, పోయే డబ్బు ఒక కొస.
లాగి లాగి
నెలాఖరు దగ్గర రెండిటినీ కలపడం.
(రెండు నెలల జీతం రావాలి నాకు.
ఆ సంగతి ఉదాహరణగా చెప్పలేదు.)
దుప్పటి చెప్పాను:
తలకి లాగితే కాళ్ళు బయట,
కాళ్ళకి లాగితే తల బయట.

"దుప్పటికి నాలుగు కొసలుంటాయి గదా,"
అంది శేషారత్నం. జాకెట్లు కుడుతుంది,
కొలతల్లో తప్పు ఒప్పుకోదు.
"నడుం పట్టీ చెప్పండి సార్.
హుక్కు ఇటు, కాజా అటు.
గుడ్డ ఇచ్చే ఆవిడ ఎప్పుడూ బెత్తెడు తక్కువే ఇచ్చిద్ది.
కుట్టేదాన్ని నేను,
చాల్లేదంటే మాట పడేదాన్నీ నేనే."

మరియదాసు ఊరుకోలేదు.
"మా బస్తా మూతి చూడండి సార్.
కాయ తొక్కి తొక్కి నింపుతాం,
అంచులు దగ్గరికి రావు.
మోకాలేసి అదిమి
దబ్బనం గుచ్చి పురికొస లాగితే
అప్పుడు కలుస్తయ్.
అక్కడ నిండితే కలవ్వు,
మా ఇంటికాడ నిండక కలవ్వు.
ఆ ఇంగిలీషాయన ఏ బస్తా చూసి చెప్పాడో!"

నా దగ్గర జవాబు లేదు.
డస్టరు తీసి
చెరిపిన చోటే మళ్ళీ చెరిపాను.

వెనక బెంచీలో మస్తాన్‌బీ చెయ్యెత్తింది,
చేరిన నాలుగు నెలల్లో మొదటిసారి.
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది, కిలో లెక్కన.
ఎగుమతి సంచుల మీద చీటీలు చదవడం వస్తే
కుర్చీ ఉన్న పని ఇస్తామన్నారట.

"మన మాట ఒకటుంది గదా సార్,
నాలుగు వేళ్ళు నోట్లోకి పోవడం."
ఉంది.
"ఆ నాలుగు వేళ్ళూ మండుతుంటయ్ సార్.
కొబ్బరినూనె రాసినా పోదు,
మజ్జిగలో ముంచినా పోదు.
పిల్లోడి మొహం నేను కడగను, మా అత్త కడిగిద్ది.
అన్నంలో చెయ్యి పెడితే చాలు,
కూరలో వేరే కారం అక్కర్లేదు."
నవ్వించడానికే చెప్పింది.
ఎవరూ నవ్వకపోయేసరికి తనే నవ్వింది.
"దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

హ్యాండ్ టు మౌత్, అన్నాను.
చేతి నించి నోటికి.
"అంతేనా? మంట లేదా అందులో?"
లేదు.
"ఎండ?" అన్నాడు మరియదాసు.
అదీ లేదు.
"మరి ఏముంది సార్ అందులో!"

తొమ్మిదైంది.
తలో వాక్యం రాసి పుస్తకాలిచ్చి పొమ్మన్నాను.
మెట్ల మీద చెప్పుల చప్పుడు,
కింద పున్నారావు ఆటో స్టార్టు కాని చప్పుడు,
అందరూ కలిసి తోస్తున్న చప్పుడు.

గదిలో ఒక్కణ్ణే దిద్దుతున్నాను.
మరియదాసు రాశాడు:
ఐ మేక్ ఎండ్స్ మీట్ ఓన్లీ సండే.
మాంసమనే రాశాడో, కొసలనే రాశాడో.
తప్పని కొట్టబోయి
ఎర్ర పెన్నుకి మూత పెట్టాను.

మస్తాన్‌బీ పుస్తకం తెరవగానే తుమ్మొచ్చింది.
రెండు పేజీల నడుమ, కుట్టు దారం పొడుగునా
సన్నగా ఎర్రటి పొడి.
వాక్యం సగంలో ఆగి ఉంది: ఐ మేక్
ఆ తర్వాత ఏమీ లేదు.

పేజీ తిప్పిన చేత్తోనే
మర్చిపోయి
కన్ను నలుపుకున్నాను.