పొయ్యిగట్టు ఎస్టిమేటు

ఏసుపాదం మేస్త్రీ చెవి మీది పెన్సిల్ తీసి
పోయిన నెల క్యాలెండర్ కాగితం తిరగేసి
అన్నిటికంటే ముందు తన కూలి రాసుకున్నాడు.
“నాకు తొమ్మిదొందలు, కుర్రోడికి ఆరండి, ఆయ్.
రెండు పూటలా టీ మీదే.”
ఆ తరవాతే టేపు లాగాడు.
తొమ్మిదడుగులు, ఏడడుగులు.
ఇరవై రెండేళ్లుగా ఇందులోనే తిరుగుతున్నా
ఇది ఇంతేనని నాకివాళే తెలిసింది.

పడమటి గోడకి మోకాలెత్తున ఉప్పు పూస్తుంది.
రొయ్యల చెరువులొచ్చాక ఇంకో జానెడు పైకెక్కింది.
గీకితే బియ్యప్పిండిలా రాలి, వారానికి మళ్లీ మొలుస్తుంది.
ఆ పైన ఒక గీత:
ఎనభై ఆరులో వశిష్ఠ లోపలికొచ్చి
మా అత్తగారి చింతపండు కుండని
తేల్చుకుపోయిన ఎత్తు.
సున్నం కొట్టినప్పుడల్లా ఆ గీతని వదిలేసి కొట్టాం,
ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.
మేస్త్రీ దాని మీద వేలు పెట్టి చూసి
“నేల అడుగు మెరకెయ్యాలండి” అన్నాడు.
కాగితం మీద పద్నాలుగు వేలు పడింది.
గోదారి చేసిన పనికి బిల్లు
ఇన్నేళ్లకి అందింది.

మా ఆయన నూకరాజు లెక్క వేరు.
ఆయనకి రూపాయి అర్థం కాదు, కౌంటు అర్థమవుతుంది.
“ముప్పై కౌంటొస్తే నల్ల గ్రానైటు.
నలభై అయితే పాలకొల్లు టైల్సు.
యాభై అయితే...” అని ఆగి
మంచినీళ్లు తాగాడు.
ఎకరంన్నర కౌలు చెరువులో
నా సింకు, నా చిమ్నీ, నా సొరుగులు
మీసాలు ఆడించుకుంటూ ఈదుతున్నాయి.
రాత్రిళ్లు ఏరియేటర్ చప్పుడు ఆగితే
ఆయన కంటే ముందు నేను లేచి కూర్చునేదాన్ని.

భాద్రపదం వానలకి తెల్లమచ్చ తగిలింది.
తెల్లారేసరికి గట్టు వెంట ఎర్రగా తేలాయి.
తొంభై కౌంటులోనే పట్టేశాం.
కంపెనీ బండిలో ఐసు సగం కరిగేలోపు
రేటు రెండుసార్లు దిగింది.
మేత కొట్టు బాకీ, కౌలు, కరెంటు పోగా
ఆయన లుంగీ మడతలోంచి తీసి
గట్టు లేని పొయ్యి పక్కన పెట్టినవి
నలభై ఒక్క వేలు.
ఏం మాట్లాడుకోలేదు. ఆ పూట అన్నం చిమిడిపోయింది.

చిమ్నీ కొట్టేశాం.
దాని బదులు పొయ్యికెదురుగా నాలుగిటుకలు తీసిన కన్నం.
గ్రానైటు కడప బండ అయింది.
మెరక మాత్రం ఉంచమన్నాను.
మేస్త్రీ రోలు దగ్గర ఆగాడు,
నేల్లో పాతిన రోలు,
అత్తగారు కాపురానికొచ్చిన నాటిది.
“పెకలించి పైన పెట్టాలంటే ఆరొందలండి.
మెరకలో కలిపేస్తే ఏం లేదు.”
అందరం పల్లాలమ్మగారి వైపు చూశాం.
ఆవిడ వెల్లుల్లి వలవడం ఆపకుండానే
“కప్పెట్టెయ్యండి. దాని చాకిరీ నేను చేశాను గానీ
నా చాకిరీ అది చెయ్యలేదు” అంది.
ఆ సాయంత్రం పచ్చడికి మాత్రం మిక్సీ వద్దంది.

ఇక మిగిలింది సొరుగులు.
తలుపుల్లేని గట్టు కింద
గిన్నెలు, సిలిండరు, నూనె డబ్బా అన్నీ బయటికే.
“తెర వేలాడదీసుకోండమ్మా. మీరు లేసోళ్లేగా,
మీకు ఖర్చేముంది” అన్నాడు ఏసుపాదం.

ఖర్చేముంది.
పద్నాలుగో ఏట పట్టిన లేసు సూది.
నేనల్లిన బల్లగుడ్డలు, తలగడ అంచులు
నరసాపురం ఏజెంటు సంచిలో ఏ దేశం పోయాయో,
ఎవరి వంటింట్లో ఏ బల్ల మీద పరుచుకున్నాయో.
ఈ ఇంట్లో నా అల్లిక రుమాలంత కూడా లేదు.

పెన్సిల్ అడిగి తీసుకున్నాను.
టీ ఖర్చు పక్కన కాస్త చోటుంది.
దారం ఆరు ఉండలు, అని రాశాను.
దాని కింద,
అల్లిక కూలి, పద్దెనిమిది రోజులు.
ఏజెంటు రేటు కాదు,
కుర్రోడి రేటు వేశాను.
పదివేల ఎనిమిదొందలు.

నూకరాజు కాగితం వెలుగులోకి తిప్పుకుని చదివి
“ఇదెవరిస్తారే?” అన్నాడు.
“వచ్చే పట్టుబడిలో చూసుకుందాం” అన్నాను,
మేత కొట్టాయనతో ఆయన అనే గొంతుతోనే.
మేస్త్రీ నవ్వబోయి
గోడ మీది ఉప్పు గీకడం మొదలెట్టాడు.