లాండ్రీ రోజు

సోమ, బుధ, శుక్రవారాలు
తెల్లారి నాలుగున్నరకి నా ఆటో
కొత్తపుట్టుగ మలుపులో ఆగుతుంది.
హెడ్‌లైటు వెలుగులో ముందు సంచి కనిపిస్తుంది,
తర్వాత దాలమ్మ.
"ఏటిరా లోకనాథం, నా బట్టలు నానిపోతన్నాయి" అంటుంది.

బట్టలంటే రక్తం.
వారానికి మూడుసార్లు సోంపేట ఆసుపత్రిలో
మిషను దాన్ని ఉతికి ఇస్తుంది.
"ఇస్త్రీ ఒకటే సెయ్యరు. గవర్మెంటోలు కదా."

వెనక సీట్లో ఇంకో ముగ్గురు.
రిటైరు కాకముందే బడి మానేసిన వల్లభరావు మాష్టారు,
చున్నీ చెవులకి చుట్టుకునే హైమ, ముప్పై రెండేళ్లు,
ఎవర్నీ చూడకుండా రోడ్డుని చూసే దండాసి.
మొదట్లో వాళ్ల మొహాలు కనబడకుండా
అద్దం పైకి తిప్పేసేవాణ్ణి.

నా లెక్కలు నాకుండేవి.
ఫైనాన్సు వాడికి మూడు వాయిదాలు.
తుఫాను కూల్చిన పదకొండు జీడిచెట్లు,
వాటి మొదళ్లు ఇంకా తోటలోనే
సగం పీకి వదిలేసిన పళ్లలా.
అవన్నీ రోజూ నాతోపాటు ఎక్కేవి,
చార్జీ ఇవ్వకుండా.

ఒక తుంపర రోజున, జీడితోటల మధ్య
ముందు టైరు పోయింది.
స్టెప్నీలోనూ గాలి లేదు.
దిగి తన్నాను టైరుని.
తర్వాత రోడ్డుని తిట్టాను, కంట్రాక్టరుని తిట్టాను,
నన్ను కన్న గడియని తిట్టాను,
ఇలాంటి బతుకెందుకని అరిచాను.

దాలమ్మ చీరకుచ్చిళ్లు పట్టుకుని మెల్లగా దిగింది.
"ఒరే, పంచరైంది టైరుకి.
టైరునే తిట్టు, బాగుంటాది.
మజ్జిలో నీ పుట్టుకేటి సేసింది?"

నేనేమీ అనలేదు.
"ఇప్పుడు పోయిందేటి?" అంది.
గాలి, అన్నాను.
"ఇంకేటి పోనేదు కదా?"
దండాసి ఖళ్లున నవ్వాడు.
అతనికి పళ్లున్నాయని ఆరోజే తెలిసింది నాకు.

అప్పుడు తన ఎడమ చెయ్యి నా చెవి దగ్గర పెట్టింది,
సూదుల కోసం డాక్టర్లు నరాలు కలిపి కుట్టిన చోట.
లోపల జుమ్ముమని తుమ్మెద.
కాదు, దూరంగా పట్టాల మీద రైలు.
"ఇనబడతందా? ఇంజను ఆడతంది.
ఇంజను ఆడినన్నాళ్లు
పంచరు ఒక లెక్కేటిరా?"

రోజుకి మూడు గ్లాసుల నీళ్లే ఆమెకి.
సీసా మీద మనవరాలి గోళ్లరంగుతో మూడు గీతలు.
నోరు పిడచగట్టుకుపోతే
ఒక లవంగం బుగ్గన పెట్టుకుంటుంది.
"తాగడం అందరికీ వొచ్చు,
నీళ్లు నమలడం నాకొక్కదానికే వొచ్చు."

ఏడవదనుకోకండి.
నాగులచవితి నాడు, పుట్ట దగ్గర పాలు పోసి వచ్చి
ఆటోలో తోవంతా ఏడ్చింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఆసుపత్రిలో దిగాక కళ్లు తుడుచుకుని
నర్సుని అడిగింది:
"అమ్మా, కంట్లోంచి పోయినన్ని నీళ్లు
మళ్లీ తాగొచ్చునా?"
ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక
తూకం రాయడం మర్చిపోయింది.

అద్దం ఇప్పుడు కిందికే ఉంది.
వాయిదా వాడి ఫోనొస్తే
వాయిదా గురించే మాట్లాడుతున్నాను.
నా పుట్టుక, మా నాన్న చేతకానితనం,
ఆ సంభాషణలోకి రావడం లేదు.
రెండు కట్టాను. ఒకటుంది.
కూలిన మొదళ్లలో ఒకదానికి పక్కనుంచి చిగురొచ్చింది,
అది చెట్టవుతుందో మేకల పాలవుతుందో
నాకు తెలీదు.

మాఘమాసంలో మాష్టారి సీటు ఖాళీ అయింది.
ఆ శుక్రవారం దాలమ్మ లాండ్రీ ఊసెత్తలేదు.
సోంపేట దాకా ఆటో చప్పుడొక్కటే.
సోమవారం కూడా అంతే.
బుధవారం తెల్లారి
ఎక్కుతూ ఎక్కుతూ తన సంచిని తీసి
ఆయన చోట్లో నిటారుగా కూర్చోబెట్టింది,
కొంగుతో దాని మీద దుమ్ము దులిపింది.
"సంచికి కూడా టిక్కెట్టు కొడతావేటి?" అంది.

గొంతు కొంచెం జీరగా ఉంది.
"సగం టిక్కెట్టు" అన్నాను.
హైమ నవ్వింది.
గేరు వేశాను.