ఔట్‌డోర్ యూనిట్

షార్జాల, పదకొండంతస్తుల మీది కప్పు.
జూలై నెల. పానా ముట్టుకుంటే తోలు లేస్తది.
పడకగది ఏసీ మూలుగుతున్నదని కంప్లెయింటు.
మూత ఇప్పితే లోపల గువ్వల గూడు.
పుల్లలు కావు,
నిరుడు నేనే కత్తిరించి పారేసిన రాగితీగ ముక్కలు,
ఒక ప్లాస్టిక్ పట్టీ, సగం కాలిన సిగరెట్టు.
నడుమ రెండు గుడ్లు.

బ్రేకర్ దించి, పార్టు రావాలెనని రాసిన.

రెండూ ఒక్క తీరే ఉంటయి గాని
మొగదాని కాలికి ఎర్ర దారం చిక్కుకున్నది.
పగలు అది పొదుగుతది, రాత్రి ఆడది.
షిఫ్టు మారేటప్పుడు
ఒక్క నిమిషం పక్కపక్కన నిలవడ్తయి.
అంతే సంసారం.

రూంల ముచ్చట వెడితే ఎవని మాట వానిది.
ఒంటెల ఫారం నుంచి వచ్చిన హన్మండ్లు అన్నడు:
"చలికాలమొస్తే మొగ ఒంటె
నోట్లకెళ్లి ఎర్ర తిత్తి బయటవెట్టి
బుడబుడ నురుగు కక్కుతది.
ముప్పై ఆడొంటెలకు అదొక్కటే పెనిమిటి."
మరి తక్కిన మొగవి?
"అవా? అవతలి షెడ్డుల. మన లెక్క."

పశువుల దవాఖాన కంపౌండరు బేబిచ్చన్
చాయ్ ఊదుకుంట చెప్పిండు,
జోడీ కట్టే పిట్టల్ల గూడ
గూట్ల పిల్లలన్నీ ఆ అయ్యకే పుట్టినయని
రక్తం ఒప్పుకోదట.
"మనం పిట్టలమా?" అని లేచిండు జక్కుల మల్లేశం.
జీతం పడ్డ శుక్రవారం అత్తరు పూసుకొని అజ్మాన్ పోతడు.
వచ్చి రెండుసార్లు తానం జేస్తడు.
ఆ రాత్రి అందరికన్న ఎక్కువసేపు
ఇంటికి మాట్లాడేది వాడే.

నేను ఏమనలే.
ఎనిమిది మంచాలకు ఎనిమిది దుప్పటి పరదాలు.
ఏ పరదా ఎందుకు కదులుతదో
ఎవరూ ఎవరినీ అడగరు.
నాకు రెండేండ్ల మూన్నెల్లాయె.
కింద బకాలాల చిల్లర ఇచ్చే రోసెల్
నాణెం నా అరచేతిల పెట్టి
వేలు జెరసేపు ఉంచుతది.
ఉంచుతదా?
నేనే చెయ్యి తియ్యనా?

సోమవారం ఎవరో బ్రేకర్ లేపిండ్రు.
నేను పోయేసరికి
ఎర్ర దారం జాలికి చుట్టుకొని ఉన్నది.
గుడ్లు ఎండకు ఉడికినయి.
ఆడది పిట్టగోడ మీద కూసున్నది,
పొద్దంత కూయలే, మేతకు పోలే.
నాకు లోపల ఎక్కడనో ముచ్చటైంది.
చూడు, పిట్టకున్నది నీతి, అనుకున్న.

నాలుగోనాడు
తీగముక్క ముక్కున వట్టుకొని ఇంకొకడు దిగిండు.
మెడ ఉబ్బిచ్చి, వంగి వంగి దండాలు వెట్టిండు.
అది కండ్లు మూసుకొని
మెడ వాని ముక్కుకు ఇచ్చింది.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదనో తెలవదు.
రాయి కోసం వంగిన.
పదకొండో అంతస్తుల రాయెక్కడిది?

రాత్రి భూలచ్చికి అంతా చెప్పిన,
రోసెల్ సంగతి తప్ప.
బీడీలు చుట్టే చేతులు ఆగినయి.
"ఒక్కతే రెండు షిఫ్టులు ఎట్ల పొదుగుతది" అన్నది.
"అయితే మాత్రం నాలుగు దినాలకేనా?"
"ఎన్ని దినాలైతే నీకు మంచిగుండు?"
నాకు జవాబు దొరకలే.
ఆకు కత్తిరిస్తున్న చప్పుడు మళ్ల మొదలైంది.
"అడిగేది పిట్టనా, నన్నా?"

నెట్ పోయిందన్న.
పోలే.

తెల్లారి జాబ్ కార్డు మీద రాసిన:
మోటరు రావాలె, నెల పడతది.
గుడ్డు నుంచి రెక్క దాకా నెల చాలంటడు బేబిచ్చన్.
ఈసారి బ్రేకర్ పెట్టెకు తాళమేసి
చెవి నా జేబుల వెట్టుకున్న.

ఆ ఫ్లాటుల కొత్త జంట, ఈజిప్టువాళ్లు.
కిటికీలు తెరుచుకొని పంటున్నరట.
ఆయన రోజూ ఫోన్ జేసి తిడ్తడు.
తిడ్తుంటే వెనక నుంచి
ఆమె నవ్వు వినవడ్తది.